రేకుల గది గడప

ఒరేయ్ శీనుగా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. షిఫ్ట్ నుంచి ఇప్పుడే వచ్చాను, కళ్లు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకో.

ఊరి శివారు టార్నీట్‌లో కొత్త ఇళ్లు చూసినప్పుడల్లా మనం అగ్గిపెట్టె అని తిట్టుకున్న ఈ అద్దె కొంప ఉంది చూడూ, అది వారసత్వ కట్టడమట! కౌన్సిల్ నుంచి ఒకావిడ చూడ్డానికి వచ్చింది. ఎప్పుడో రైల్వే కూలీల కోసం కట్టారట. "గొప్పవాళ్లెవరూ ఉండలేదు, పనివాళ్లే ఉన్నారు. దీని విలువే అది," అంది.

కానీ కాపాడేది ముందు గదులు రెండే. నువ్వు పడుకున్న వెనక రేకుల గది తర్వాత కట్టిందట, దానికి విలువ లేదట. వచ్చే వారం ఓనర్ కూల్చేస్తాడు.

"అందులోనూ ఒక పనివాడు ఉండేవాడు మేడమ్. పగలు యూనివర్సిటీలో చదువు, రాత్రి గోడౌన్‌లో పెట్టెలు మోసేవాడు," అన్నాను.

"ఏ కాలంలో?" అంది ఆశగా.

"పోయినేడాది."

పాపం, జోకనుకుని నవ్వేసింది.

ఆ గది గడపకి నువ్వు రాసిన పసుపు ఇంకా పోలేదురా. అద్దె కొంపకి ఇంత వైభోగమా అని ఏడిపించేవాణ్ని కదా. ఇవాళ ఓనర్‌కి ఫోన్ చేసి, ఆ గడప చెక్క ఒక్కటి నాకివ్వమన్నాను. ఎందుకన్నాడు.

"హెరిటేజ్," అన్నాను.

నవ్వకుండానే అన్నాన్రా.