ఎనిమిది లేని సంఖ్య

బుధవారం, రాత్రి

రేపు మరిది నిశ్చితార్థం. కినత్తుకడవులో పెళ్ళికూతురి ఇంటికి సారె సర్దిన సీరు పళ్ళేలు మోసుకెళ్ళే ఆడవాళ్ళ పేర్లు అత్త పొద్దున్నే చెప్పింది. మొదటి పళ్ళెం నాది. వదిన పేరు లేదు. భర్త పోయిన ఆడపడుచు పేరు ఎందుకు లేదని మా ఇంట్లో ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లల కోసం లెక్కలు రాసుకుంటున్నాను. రేపటి పళ్ళేలకు కొబ్బరికాయల పీచు తీస్తూ వదిన నా నోటుపుస్తకంలోకి తొంగిచూసింది. అందులో 12345679 అని ఉంది.

"ఎనిమిది ఏడ పోయె అమ్మణీ?"

"ఈ నంబరే అంతే వదినా. తొమ్మిదితో హెచ్చవేస్తే అన్నీ ఒకట్లే వస్తాయి."

"విడిచిపెట్టినారే, ఆ ఎనిమిదితో హెచ్చవేసి చూడు."

ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నా నాకా ఆలోచన రాలేదు. వేశాను. 98765432 వచ్చింది. ఎనిమిది వచ్చి తొమ్మిది పక్కన నిలబడింది. మిగతావన్నీ వెనక్కి తిరిగి వరుసగా నిలబడ్డాయి. లేనిది ఒకటి అంకె మాత్రమే.

వదిన ఆ అంకెల వెంట వేలు జరుపుతూ చూసింది. "పావం, ఇప్పుడు ఒకటి బయట నిలిచె" అంది. ఆమెకు జాలి దాని మీద.

తర్వాత పీచు ఊడ్చి ఎత్తుతూ, "రేపు ఆవుల పాలు పిండేదానికి నేనుంటాను. మీరు నిమ్మళంగా రండి" అంది.

సరేనన్నాను. ఎందుకన్నానో...

మొదటి పళ్ళెం వదిన చేతికిస్తే అత్త ఏమంటుందో తెలియదు. పాలు పిండడం నాకూ వచ్చు.