నా నడుము కొలత అబద్ధం

అగ్నిమాపక శాఖ ప్రాంతీయాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: "ఇరవై ఎనిమిది రోజుల్లో పొట్ట మాయం" అను పథకమును సిబ్బందికి తప్పనిసరి చేసిన ఉత్తర్వును నిలిపివేయుట, పంపు డ్రైవరుపై మోపిన నిర్లక్ష్య అభియోగమును రద్దు చేయుట, నా నేరము ఒప్పుకొనుట గురించి.

1. నేను తమ కేంద్రంలో పంతొమ్మిదేళ్ళుగా నిచ్చెన ఎక్కే పనిలో ఉన్నాను. మంటల్లో చిక్కుకున్నవారిని దించడం నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య. నడుము తొంభై రెండు సెంటీమీటర్లు దాటినవారిని బండి దింపి సామాన్ల గదికి మార్చెదమని నిరుడు ఉత్తర్వు వచ్చినది. అప్పటికి నా నడుము నూట నాలుగు. మిగిలిన సర్వీసంతా పాత బూట్లకు చీటీలు అంటిస్తూ గడపాలన్న తలపుకే నాకు ముద్ద దిగలేదు.

2. అందువల్ల అందరి ఫోన్లలోనూ తిరుగుతున్న సదరు పథకమును పట్టుకున్నాను. పొద్దున పుల్లటి నీళ్ళు, పది నుంచి నాలుగు లోపల ఉడికించిన ఆకులు, రెండు వందల సార్లు పడుకుని లేవడం, నడుముకు ప్లాస్టిక్ కాగితం చుట్టి చెమట పట్టించడం. దాని మంచిచెడ్డలు పక్షపాతం లేకుండా మనవి చేయుచున్నాను. తీపి పానీయాలు మానడం, సాయంత్రం నడవడం మేలు చేశాయి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. తక్కినదంతా దండగ. పది రోజుల్లో నాలుగు కిలోలు పోయాయి, రెండు రోజులు కడుపునిండా తినేసరికి మూడు తిరిగొచ్చాయి. ముఖం పీక్కుపోయింది, కాళ్ళు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం అత్తారింటికి వచ్చిన అల్లుడిలా కదలలేదు. చెమటతో పోయేది నీళ్ళేనని, పొట్ట ఒక్కదాన్నే ఏరి కరిగించే ఉపాయం లేదని, ఒళ్ళంతా మెల్లగా తగ్గితేనే అదీ తగ్గుతుందని ఆసుపత్రి వైద్యురాలు తరువాత చెప్పారు. ఇరవై ఎనిమిదో రోజున నా నడుము నూట ఒకటి.

3. రిజిస్టరులో మాత్రం తొంభై ఒకటి అని ఉన్నది. నా భార్య బట్టలు కుడుతుంది. ఆమె వద్దన్నా వినక, కాళ్ళావేళ్ళా పడి మందపాటి రబ్బరు పట్టీ ఒకటి కుట్టించుకున్నాను. ముందు రోజు నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చొక్కా కింద పట్టీ బిగించి, ఊపిరి బిగబట్టి నిలబడితే, గుమాస్తాగారు చొక్కా మీదనే టేపు పెట్టారు. తమరు నా భుజం తట్టి, ఫోటో తీయించి నోటీసు బోర్డుకు పెట్టించారు. ఆ ఫోటోనే రుజువుగా చూపి పథకమును అందరికీ తప్పనిసరి చేసి, నెలాఖరున అందరి నడుములూ కొలిపించెదమన్నారు. నేను నోరు మెదపలేదు. ఇందులో నా భార్య తప్పేమీ లేదు.

4. పంపు డ్రైవరు నా చెల్లెలి భర్త. అతనికి షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటాడు. పథకం తప్పనిసరి అన్న ఉత్తర్వు వచ్చిన రోజున నా దగ్గరికి వచ్చి, "బావా, నిజం చెప్పు, ఇది పనిచేస్తుందా?" అని అడిగాడు.

"నన్ను చూస్తున్నావుగా" అన్నాను.

అయ్యా, నేను చేసిన పాపమంతా ఆ రెండు మాటల్లోనే ఉన్నది.

5. పోయిన మంగళవారం మధ్యాహ్నం పరుపుల కార్ఖానాలో నిప్పంటుకున్నది. అక్కడ కుట్టుపని చేసే ఒకావిడ రెండో అంతస్తు కిటికీ దగ్గర చిక్కుకున్నది. నేను నిచ్చెన మీద ఉన్నాను. కింది నుంచి కొడుతున్న నీళ్ళు మంటను వెనక్కి నెడుతున్నాయి. ఆవిడకు చేయి అందించబోయే సమయానికి నీళ్ళు ఆగిపోయాయి. కిందికి చూస్తే మా బావ పంపు పక్కన కూలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఆ ఆకులు కూడా ముట్టక పస్తుండి, షుగరు మాత్ర మాత్రం మానలేదట. మా దళనాయకుడు పరుగెత్తి పంపు అందుకునేసరికి నిమిషం పట్టింది. ఆవిడను దించాను గాని, అప్పటికే ఆవిడ కుడిచేయి మోచేతి దాకా కాలిపోయింది.

6. షుగరు మరీ పడిపోయిందని బావకు ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. మూడో రోజు ఇంటికి వచ్చేసరికి తమ ఛార్జిమెమో గుమ్మంలో ఉన్నది. అది చదివి, నెలాఖరు కొలతలోనైనా నెగ్గాలని మళ్ళీ పస్తులు మొదలుపెట్టాడు. నిన్న నా చెల్లెలు వచ్చింది.

"అన్నయ్యా, నీకు నిజంగా తగ్గిందా? ఆయన నీ మాట తప్ప ఎవరి మాటా వినడు."

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వానలో గొడుగు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళి, బావ ఎదుట కూర్చుని అదే మాట చెప్పాను. అతను నా వైపు చూడకుండా కంచం దగ్గరికి లాక్కుని తిన్నాడు.

7. కావున, బావపై మోపిన అభియోగమును నాపై వేయవలెను. అతనిని సామాన్ల గదికి మార్చరాదు. నెలాఖరు కొలతను ఆపించి, ఎవరికి ఏ తిండి తగునో వైద్యులచేత చెప్పించవలెను. నా ఫోటోను ఈ రోజే తీయించవలెను. నన్ను నిచ్చెన మీద ఉంచమని అడిగే ముఖం నాకు లేదు. అడగకుండా ఉండే గుండె కూడా లేదు.

దయతో చిత్తగించి, కోపమంతా నా ఒక్కడి మీదనే చూపవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
నోటీసు బోర్డు మీది ఫోటోలో ఉన్నవాడు

తా.క.: ఇది రాసి ముగించాక ఆసుపత్రికి వెళ్ళి ఆ కుట్టుపని ఆవిడను చూశాను. నన్ను గుర్తుపట్టి, ఎడమచేత్తో నా చేయి పట్టుకుని దణ్ణం పెట్టబోయింది. వద్దని జరిగినదంతా చెప్పాను. చేయి వదిలేసి గోడవైపు తిరిగింది. తరువాత, "ఇదంతా ఆఫీసులో రాసిచ్చావా?" అని అడిగింది. రాశాను, ఇంకా ఇవ్వలేదన్నాను. "ఇచ్చి రా. అప్పుడు మాట్లాడతాను" అన్నది. అందుచేత దీనిని టపాలో వేయక స్వయంగా తెచ్చి తమ గది బయట నిలబడి ఉన్నాను. అందినట్లు ఒక్క సంతకం చేసి ఇప్పించండి సార్. ఆసుపత్రిలో ఐదు దాటితే లోపలికి పోనివ్వరు.