ఎండలో పెట్టిన టైర్లు

శుక్రవారం సాయంత్రం

ప్రియమైన మావయ్యకి,

నీ మేనకోడలు నమస్కరించి రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నీ దవడకి తీగలు, అన్నయ్య పక్కటెముకలకి కట్టు, నాన్న చేతికి కుట్లు. ఉభయుల్లో కుశలం ఎవరిదని రాయను? ఎముక అతుక్కునేదాకా నువ్వు మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడట. నా వాగుడుకి అడ్డు తగిలేవాడు ఇన్నాళ్ళకి లేకుండా పోయాడు కాబట్టి ఓపిగ్గా చదువు.

అమ్మ నీ పేరెత్తితే చేతిలో ఏదుంటే అది గోడకేసి కొడుతోంది. తోడబుట్టినవాడివై ఉండి, నలుగురిలో తన కొడుకుని దొంగ అన్నావని.

ఆదివారం కమిటీ కూర్చుంటోంది. అన్నయ్యని ఇక ఎప్పటికీ రేసుల్లోకి రానివ్వకూడదా అన్నది తేలుస్తారు. టైర్లు తనిఖీ చేసినవాడివి నువ్వు. అంతా నీ మాట మీదే ఉంది. వాడికి ఆ కారు తప్ప లోకంలో ఇంకేదీ పట్టదని నీకు నేను చెప్పాలా?

సొంత కార్లతో సరదాకి రేసుల్లో దిగేవాళ్ళకి టైర్ల రూలు ఎందుకు పెట్టారో చిన్నప్పుడు నాకు నువ్వే చెప్పావు. మెత్తని రబ్బరు రోడ్డుని పట్టుకుంటుంది, కారు మలుపులో జారదు. డబ్బున్నవాడు అలాంటివి కొనుక్కుని గెలిచేయకుండా, అందరూ ఒకే రకం గట్టి టైరు వాడాలి. గట్టిదనం కొలిచే మీటరు సూది గుచ్చితే అంకె యాభై ఐదుకి తగ్గకూడదు.

రేసు రోజు అన్నయ్యతో పోటీకొచ్చిన ఆ డబ్బున్న షోకిల్లా టైర్లు గుడారంలో ఫ్యాను కింద ఉన్నాయి. గుడారం లేని మావి సిమెంటు మీద, ఎండలో. వాడివి చూసి గట్టివన్నావు. మావి చూసి, మందు పూసి మెత్తబరిచారన్నావు. అన్నయ్య రెండుసార్లు బతిమాలాడు, ఎండకి మెత్తబడ్డాయి మావయ్యా, కాసేపు నీడలో పెట్టి చూడు అని. రూల్లో ఎండా నీడా అని లేదురా, పక్కకి తప్పుకో అన్నావు. షోకిల్లా నవ్వి, పంక్చర్లు వేసుకునే కొంపకి రేసులెందుకట అన్నాడు.

అన్నయ్య కొట్టాల్సింది వాడిని. నిన్ను కొట్టాడు. ఆ చప్పుడు నేను విన్నాను మావయ్యా, ఎండిన చితుకు విరిగినట్టు ఉంది. నువ్వు మోకాళ్ళ మీద కూలిపోయి, ఉమ్మితే నెత్తురుతో పాటు పన్ను పడింది. అన్నయ్య మళ్ళీ చెయ్యెత్తాడు. ఈలోపు షోకిల్లా మెకానిక్కులు ముగ్గురూ వాడి మీద పడ్డారు. ఒకడు జుట్టు పట్టుకున్నాడు, ఒకడు బూటుతో పొట్టలో తన్నాడు, మూడోవాడు చక్రాల పానా తీసుకుని డొక్కలో పొడిచినట్టు కొట్టాడు. నాన్న ఇనుప కడ్డీతో వాళ్ళ కారు అద్దం బద్దలుకొట్టి, ఆ పెంకుల్లోనే చెయ్యి కోసుకున్నాడు. అమ్మ మాత్రం నీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు విసుర్లు విసురుతున్నది ఆ అమ్మే.

అన్నయ్య చేసింది ఘోరం. దానికి శిక్ష వెయ్యండి. కానీ దొంగ అని మాత్రం ముద్ర వెయ్యకండి. కాలేజీ ల్యాబులోంచి మీటరు అడిగి తెచ్చాను. నాన్న షాపులోని కొత్త టైరు, అదే రకం, నీడలో పెట్టి గుచ్చితే యాభై ఎనిమిది. అదే టైరు మధ్యాహ్నం దాకా ఎండలో పెడితే యాభై ఒకటి! అంటే గుడారం ఉన్నవాడు నిజాయితీపరుడు, లేనివాడు దొంగ. ఇది న్యాయమేనా? అందరి టైర్లూ ఒకే నీడలో, ఒకే సమయం పాటు ఉంచి కొలవాలని రూలు మార్పించు. ఆదివారం ఈ ఉత్తరం కమిటీకి చదివించు.

ఎప్పటికీ నీ
వాగుడుకాయ

తా.క. శనివారం పొద్దున.

ఉత్తరం మడిచాక, రేసుకి తెచ్చిన టైర్ల అంకె కూడా రాస్తే నీకు ఏ అనుమానమూ ఉండదనిపించింది. అవి రాత్రంతా షెడ్డులో చల్లగానే ఉన్నాయి. వెళ్ళి సూది గుచ్చాను. యాభై కూడా లేదు. నాలుగూ అంతే. మీటరు చెడిందేమోనని కొత్త టైరుకి గుచ్చాను. యాభై ఎనిమిది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంత వచ్చిందని అడగలేదు. లోపలికెళ్ళి రబ్బరు కోసే కత్తి తెచ్చి టైర్లని పొట్టలు చీల్చినట్టు చీల్చాడు, కుట్లు తెగి చెయ్యంతా ఎర్రగా అవుతున్నా ఆపలేదు. మందు పూసింది నాన్న. అన్నయ్యకి తెలీదు. తెలిశాక కాలరు పట్టి నాన్నని గోడకి గుద్దేశాడు, మావయ్య దవడ నా చేత్తో పగలగొట్టించావు కదా అని. నాన్న, నువ్వు గెలవడం ఒక్కసారి చూద్దామనుకున్నానురా అన్నాడు. అమ్మా నేనూ కలిసి లాగితే గానీ అన్నయ్య చెయ్యి ఊడిరాలేదు.

ముందు రాసినది చింపలేదు. ఎండ గురించి నేను రాసింది నిజమే, ఆ రూలు మార్చండి. మందు గురించి నువ్వన్నదీ నిజమే, అదీ కమిటీకి చదివించు.

ఇది పోస్టులో వెయ్యడం లేదు. అన్నయ్య తెస్తున్నాడు. నువ్వు తలుపు తీసేదాకా గుమ్మం బయటే ఉంటానన్నాడు.