కవర్ లేని బిస్కెట్లు

గురువారం, రాత్రి

పొలం నుంచి వచ్చేసరికి పాప చేతిలో సగం కొరికిన బిస్కెట్ ఉంది. అత్త కొన్న ప్యాకెట్, నేను చదవనిది.

"కవరేది అత్తా?"

"మెత్తబడతాయని డబ్బాలో పోసినా. కవరు నీళ్ల పొయ్యిలో ఏసినా."

పోయినేడు వేరుశనగ పొడి తగిలితేనే పాపకు పెదవులు వాచి ఊపిరాడలేదు. తిరుపతి ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తాం.

పాప నోరు కడిగి, చంకనేసుకుని అంగడికి పోయాను.

"ఏమ్మా, మళ్లీ సదవను వచ్చినావా? కొనేదేమన్నా ఉండాదా?" అని అంగడాయన నవ్వాడు.

అవే బిస్కెట్లు. రేటు స్టిక్కర్ సరిగ్గా ఏమేం కలిపారో రాసిన అక్షరాల మీదే అంటించారు. గోటితో గీకాను. వేరుశనగ వాడే చోటే తయారైందట. అంటే తగిలి ఉండొచ్చు, లేకపోవచ్చు.

మళ్లీ ఆసుపత్రికి పోవాల్సొస్తుందేమోనని ఆటో అతన్ని ఊర్లోనే ఉండమని చెప్పి, పాప పెదవులే చూస్తూ కూర్చున్నాను. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. అత్తతో మాట్లాడలేదు.

అన్నాలప్పుడు అత్త కొత్త ఉప్పు ప్యాకెట్ విప్పకుండా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"సదువు," అంది.

ఉప్పులో ఏముంటుంది. అయినా చివరి అక్షరం దాకా పైకి చదివాను.