అత్తయ్య వచ్చాక పెరిగిన గుండె వేగం

అమ్మాన్, ఆదివారం

ప్రియమైన అత్తయ్యకు,

ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు. ఎత్తకపోవడమే న్యాయం. అందుకే ఈ ఉత్తరం మీ అమ్మాయి హనాదీ చేతికిచ్చి పంపుతున్నాను.

ఆ శుక్రవారం భోజనాల దగ్గర మా అన్నయ్యకు నా ఫోనులోని గుండె వేగం గీత చూపించాను. "చూడరా, ఊరికే కూర్చున్నప్పుడు నా గుండె నిమిషానికి అరవై సార్లు కొట్టుకునేది. అత్తయ్య వచ్చాక డెబ్బై ఎనిమిది! ఈ చేతి గడియారం అబద్ధమాడదు కదా" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. మీరు వంటింట్లో ఉన్నారనుకున్నాను. మాంసం, అన్నం కలిపి వండిన మన్సఫ్ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "తినండి, చల్లారిపోతుంది" అని మాత్రం అన్నారు. సాయంత్రానికి బట్టలు సర్దుకుని మీ ఊరు సల్త్ వెళ్ళిపోయారు.

మీరు వెళ్ళాక తగ్గుతుందని రోజూ చూశాను. తగ్గకపోగా ఎనభై దాటింది. "ఇప్పుడెవర్ని పంపించేద్దాం? నన్నా?" అంది హనాదీ. డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను చేతులు చాపమంది. వేళ్ళు వణుకుతున్నాయి. "ఒక్కరోజు అంకె చూసి కంగారు పడక్కర్లేదు. జ్వరమొచ్చినా, నిద్ర చాలకపోయినా పెరిగి తగ్గుతుంది. నీ మామూలు కంటే వారాల తరబడి పైనే ఉంటే మాత్రం కారణం వెతకాలి. ఎప్పుడు మొదలైంది?" అని అడిగింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందని రక్తపరీక్షలో తేలింది. మాత్రలు వాడుతున్నాను.

ఎప్పుడు మొదలైంది అన్న ఆ ప్రశ్నే నన్ను తినేస్తోంది అత్తయ్యా. మీరు రావడానికి మూడు వారాల ముందే ఆ గీత పైకి లేచింది. ఆ సంగతి నాకు శుక్రవారమే తెలుసు. తెలిసీ ఆ వారాలను వేలితో పక్కకు జరిపేసి మీరున్న రోజులే చూపించాను, నలుగురూ నవ్వాలని. మీరు నా కంచంలో ఇంకో మాంసం ముక్క వేసినప్పుడల్లా సాధింపు అనుకున్నాను. నేను చిక్కిపోతున్నానని ఇంట్లో కనిపెట్టింది మీరొక్కరే.

క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

మీ అల్లుడు,
రాకాన్


సల్త్, మంగళవారం

బాబూ రాకాన్,

మాత్రలు మానకు. మిగతాదంతా తర్వాత.

నువ్వొక్కడివే తలదించుకోనక్కర్లేదు. నువ్వు చిక్కిపోవడం చూశాను, చేతులు వణకడం చూశాను, నిజమే. కానీ జబ్బని నాకు తట్టలేదు. "మీ ఆయన ఏదో పాడు అలవాటు పట్టాడు, జేబులు వెతకవే" అని హనాదీకి నూరిపోశాను. "ఆయన అలాంటి మనిషి కాదమ్మా, ఇంకోసారి ఈ మాట అన్నావంటే ఊరుకోను" అని అది నా మీద విరుచుకుపడింది. అయినా బుద్ధి రాలేదు. నువ్వు బజారుకెళ్ళినప్పుడు నీ కోటు జేబులు నేనే తడిమాను. పుదీనా బిళ్ళలు, నలిగిన రుమాలు. అంతే.

మీ అన్నయ్య నవ్విన నవ్వుకు నేను వెళ్ళిపోలేదు నాయనా. నేను జేబులు వెతికిన సంగతి నీకు తెలిసిపోయిందనీ, అందుకే అంతమందిలో దెప్పుతున్నావనీ అనుకున్నాను. సిగ్గుతో పారిపోయాను. ఫోను ఎత్తనిదీ అందుకే.

గురువారం వస్తున్నాను. తలుపు నువ్వే తియ్యి. హనాదీ తీసిందంటే దాని వెనక దాక్కుని మనిద్దరం ఇంకో ఏడాది మొహాలు చాటేసుకుంటాం.

మీ అత్తయ్య,
ఉమ్ తలాల్