పీటల మీద మూడు గంటలు

సన్నీవేల్, 2 మార్చి 1984

బావమరిది దామోదర్‌కి, ఆశీస్సులు.

మీ అక్క వసుమతీ నేనూ కులాసా, నా పేగులు తప్ప. ఏప్రిల్ పద్నాలుగున మా జయంతి పెళ్లి. కన్యాదానానికి పీటల మీద మూడు గంటలు కూర్చోవాలి. నేను ఇరవై నిమిషాలు కూర్చోలేను. పేగుల డాక్టరువి కదా అని థాంక్స్‌గివింగ్‌కి మీ ఊరొస్తే, గజం పొడుగు ట్యూబ్ దింపి, ‘ఏమీ లేదు, అంతా టెన్షన్’ అన్నావు. మూడు నెలలయింది నీ మాత్రలూ, తవుడూ తింటూ. మా ఊళ్లో తవుడు గేదెలు తినేవి. వాటికి కన్యాదానాలుండవు. అందుకే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక చైనా వైద్యుణ్ణి కలిశాను.

మీ బావ, యజ్ఞనారాయణ

తా.క. ఆయన నాలుక చూశాడు. నువ్వు చూసిన చోటుకంటే మర్యాదగా అనిపించింది.

ఫార్మింగ్టన్ హిల్స్, 9 మార్చి

బావగారికి నమస్కారాలు.

నాలుక చూస్తే పేగులు తెలిసేటట్టయితే పదకొండేళ్లు నేనెందుకు చదివినట్టు? మీ కంపెనీలో టెస్ట్ చెయ్యని కంప్యూటర్ చిప్ మీద మీరు సంతకం పెడతారా? ఆయనిచ్చిన ఆ బెరళ్ల కషాయం ఆపేసి, పచ్చికూరలు తినండి.

దామోదర్

తా.క. దాని వాసన గురించి అక్క ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక కూడా వచ్చింది.

సన్నీవేల్, 16 మార్చి

దామోదర్‌కి,

పచ్చికూరలు ముట్టొద్దన్నాడు ఆయన. నా ప్లీహం చల్లబడిపోయిందట. కనుక మధ్యాహ్నం దాకా నీ మాట, సాయంత్రం నుంచి ఆయన మాట వింటున్నాను. నా పేగులు మాత్రం ఇద్దరి మాటా వినడం లేదు.

మీ బావ

తా.క. నీ మాత్రల సీసా చూపించాను. లేబుల్ రెండుసార్లు చదివి జేబులో వేసుకున్నాడు. విషమనుకున్నాడేమో, పాపం.

ఫార్మింగ్టన్ హిల్స్, 23 మార్చి

బావగారూ,

నా మాత్రలు లాక్కోవడానికి ఆయనెవరు? సరే, ఆ కషాయం పొట్లాలన్నీ నాకు పంపండి. ఇక్కడ ఒక పేషెంట్ ట్రై చేస్తానని పట్టుబట్టాడు. వయసు నలభై రెండు. మాత్రలన్నీ అయిపోయాయి, తగ్గలేదు. పద్నాలుగో తారీఖులోపు తగ్గాలి.

దామోదర్

తా.క. మేనమామగా పెళ్లికూతుర్ని గంపలో ఎత్తుకురావలసింది అతనే. అక్కకి చెప్పకండి.

సన్నీవేల్, 2 ఏప్రిల్

దామోదర్‌కి, ఈసారి డబుల్ ఆశీస్సులు.

పొట్లాలన్నీ పోస్ట్ చేశాను, ఒక్కటీ ఉంచుకోలేదు. నా మాత్రలు తిరిగిమ్మని చైనా ఆయన్ని అడిగితే, తినేశానన్నాడు. ఆయనకీ పదిహేనేళ్ల బాధట. ఇంకో సీసా పంపమన్నాడు.

అలా వారం నుంచి నాకు మాత్రల్లేవు, కషాయం లేదు. నా మందులు తినడానికి ఇద్దరు డాక్టర్లున్నారు కదా అని తవుడు కూడా మానేశాను. నిన్న మీ అక్క పీట వేసి రిహార్సల్ చేయించింది. మూడు గంటలూ కదల్లేదు. ఆనందం పట్టలేక ఏడ్చాను.

మీ బావ

తా.క. ఆయన్నీ పెళ్లికి పిలిచాను. హాల్లో బాత్‌రూమ్ ఒక్కటే. ఎవరెప్పుడో మీ డాక్టర్లిద్దరూ మాట్లాడుకోండి.