మీసం లేని ఫోటో మార్చుట గురించి

బర్కా, ఒమాన్.

రెసిడెంట్ కార్డులు మంజూరు చేయు పెద్ద ఆఫీసరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా రెసిడెంట్ కార్డు మీద వేసిన ఫోటో నాదే అయినప్పటికీ, దానిని తీసివేసి మీసము గల ఫోటో వేయించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నా పేరు రఘుపతి, తండ్రి మల్లేశం. మాది ఇండియాలో తెలంగాణ, జగిత్యాల జిల్లా. బర్కాలో సముద్రం వైపు ఉన్న ఒక ఖర్జూరపు తోటలో పని చేసుకొని బతుకుచున్నాను. ఊళ్లో ఉన్నప్పుడు కరెంటు మోటర్లు కాలినా, పింఛన్లు ఆగినా మా వాడకట్టు అర్జీలన్నీ నా చేతనే రాయించుకునేవారు. అందుచేత అర్జీ నాకు కొత్త కాదు. నా కోసం నేను రాసుకొనుటయే కొత్త. దీనిని తెలుగులో రాసి ఇస్తే, బర్కా బజారులో టైపు షాపు నడిపే నిజామాబాద్ తహ్సీన్ భాయ్ అరబ్బీలోకి మార్చి తమకు పంపుతానన్నాడు. "పొట్టిగ రాయి, ఆఫీసర్లకు టైమ్ ఉండదు" అని కూడా అన్నాడు. నా ప్రయత్నం నేను చేస్తాను.

1. మొట్టమొదట, తమ ఆఫీసు వారి తప్పు ఇందులో ఆవగింజంత కూడా లేదని విన్నవించుకుంటున్నాను. కార్డు గడువు ముగియవస్తున్నదని మా అర్బాబ్, అనగా తోట యజమాని ఫహద్ గారు, నన్ను బండిలో కూర్చోబెట్టుకొని తమ ఆఫీసుకు తెచ్చినారు. కెమెరా దగ్గరి మేడం టోపీ తీయమన్నారు. తీసినాను. నున్నటి గుండు. మీసం జాగాలో ఏమీ లేదు. ఆమె పాత కార్డు చూసి, నన్ను చూసి, మళ్లీ పాత కార్డు చూసి, వేలిముద్రలు రెండోసారి పెట్టించుకొని, సరే నువ్వే అన్నారు. "వెంట్రుకలు మొలిచినంక వస్త మేడం" అని హిందీలో బతిమాలుకున్నాను. గడువు దాటితే నీకే తిప్పలని ఆమె నా మేలు కోరియే చెప్పినారు. కళ్లు ఎర్రగా ఉన్నవి, కడుక్కొని రమ్మని కూడా అన్నారు. కడుక్కున్నాను గానీ ఎరుపు పోలేదు. అట్లనే పడ్డది ఫోటో.

2. సదరు ఫోటో వలన బయట కలిగిన ఇబ్బందులు. ఇప్పుడు నాకు జుట్టు మొలిచినది, మీసం ఎప్పటి మాదిరి వచ్చినది. పైసలు పంపే చోట కౌంటర్ అమ్మాయి కార్డును ఎత్తి పట్టి చూసి "ఇది మీ తమ్ముడిదా?" అని అడిగినది. అల్ సువైక్ తోవలో చెకింగ్ చేసే పోలీసాయన కార్డు చూసి, నవ్వి, "ఉమ్రా?" అన్నాడు. మక్కాకు పోయి గుండు చేయించుకొని వచ్చినానని అనుకున్నాడు పాపం. మబ్రూక్ అని అభినందించి చెయ్యి కలిపినాడు. కాదని చెప్పేటంత అరబ్బీ నాకు రాదు. శుక్రన్ అని వచ్చేసినాను. చేయని యాత్ర పుణ్యం నా ఖాతాలో పడ్డదా ఏమో, దేవునికే ఎరుక. ఇవన్నీ ఓర్చుకోదగినవే. వీటి కోసమైతే తమరిని తకలీఫు పెట్టేవాణ్ణి కాదు.

3. ఓర్చుకోలేనిది ఇంటి సంగతి. కార్డు కొత్తది వచ్చినప్పుడల్లా దాని ఫోటో ఇంటికి పంపుడు మా అలవాటు. మా బాపు దాన్ని హోటల్ కాడ నలుగురికి చూపెట్టి, "మావోనికి ఇంకొన్నొద్దులు భయం లేదు" అని చాయ్ తాగి వస్తాడు. ఈసారి నెట్ సరిగ లేదని, కార్డు ఇంకా రాలేదని చాలా రోజులు దాటవేసినాను. నా భార్య వాణి ఊకోలేదు. వెనుక వైపు ఒక్కటే పంపుదామనుకున్నాను. ఫోన్ పనులన్నీ నాకు వేరే మనిషి చేసిపెట్టేవాడు, నాకు అలవాటు లేదు. రెండు వైపులా పోయినవి.

వెంటనే వాణి ఫోన్ చేసింది. "ఏమయ్యా, ఎవలు పోయిండ్రు? మామ ఈడ అరుగు మీద కూసొని బీడీ తాగుతుండు. మీసం ఎందుకు తీసినవ్?"

తమ దేశాచారం వేరు కాబట్టి వివరించుకుంటున్నాను. మాలో తండ్రి బతికి ఉండగా కొడుకు మీసం తీయరాదు. తండ్రి పోయిన తర్వాత దినవారాల నాడు తలతో పాటు మీసం తీస్తారు. అందుకని మీసం లేని కొడుకును చూస్తే ఊరికి ఊరే తండ్రి పోయిండనుకుంటది. మా బాపు ఫోన్ గుంజుకొని ఒక్కటే మాట అన్నాడు. "నేను కూసున్న, తింటున్న, తిరుగుతున్న. నా ముంగటనే తీసిపెట్టినవా బిడ్డా? గంత తొందర పడ్డదా నీకు?"

అంతే. మళ్ల ఫోన్ కాడికి రాలేదు. వాణి ఫోన్ చెవికి పెడితే మొఖం తిప్పుకుంటున్నాడట. అమ్మ పోయిన నాడు గూడ నాతోని మాట్లాడుడు ఆపలేదు ఆయన.

అయ్యా, తమరు మీసం ఉన్న ఫోటోతోని కార్డు ఇస్తే, "మొదాలు కంప్యూటర్‌ల తప్పు పడ్డది బాపూ, ఇగో అసలుది" అని పంపుదామని నా ఆలోచన. తమ ఆఫీసు మీద అబద్ధం చెప్పబోతున్నందుకు ముందుగానే క్షమాపణ కోరుకుంటున్నాను.

4. మరి మీసం ఎందుకు తీసినట్టు అని తమరు అడుగుదురు. అడగకున్నా చెప్తాను, ఎందుకనగా ఇంతవరకు ఇంట్ల గూడ చెప్పలేదు. బాపు ఉండగా వేరే మనిషి కోసం తీసినానని చెప్పుటకు మొఖం చెల్లలేదు.

మా తోటలో ఖమరుద్దీన్ అని కడప మనిషి ఉండేవాడు. నాకంటే చానా పెద్ద. నేను వచ్చిన కొత్తల ఖర్జూరం చెట్టుకింద నిలబడి పైకి చూస్తేనే నాకు కండ్లు తిరిగేవి. నడుముకు తాడు కట్టి, "ఎక్కప్పా, నేను కింద ఉండాను గదా. పడితే నా మీదనే పడు, మెత్తగుంటాది" అని ఎక్కించినోడు ఆయన. నేను ఖమర్ భాయ్ అనేది. ఒకటే రూమ్, ఒకటే పొయ్యి. పొద్దున లేస్తే లొల్లి. గట్టు పొంటి ఇద్దరం కలిసి ఏసిన ఆకును ఆయన గోంగూర అంటడు, నేను పుంటికూర అంట. ఆకు ఒక్కటే, పంచాయితీ ఏండ్ల సంది. ఆయన చేసే రాగి సంగటి చూసి "ఇది తిననీకా, గోడకు పెట్టనీకా" అంటే గంటె పట్టుకొని ఉరికొచ్చేవాడు.

నా ఫోటోలన్నీ ఆయన తీసినవే. కొత్త అంగి ఏసుకున్నా, గెల కోసినా, "నిలబడు అబ్బీ, వాణమ్మకు పంపిద్దాం" అని ఫోన్ పట్టుకునేవాడు. తీసిన ప్రతి ఫోటోల మూలకు ఆయన బొటనవేలు పడేది. "ఓ భాయ్, ఏలు తియ్యి" అంటే, "యేలు లేకుంటే ఫోను పడిపోతాది రా" అనేవాడు. మా ఇంట్ల అందరికీ ఆ ఏలు ఎరుకే. నా బిడ్డ చిన్నగున్నప్పుడు "ఏలు మామ" అని పేరు పెట్టింది.

ఒకనాడు పొద్దుగాల మోటర్ కాడ నిలబడి, "మోటర్ ఆపు రఘూ, తలకాయ తిరుగుతాంది" అన్నడు. ఆపి వచ్చేసరికి నీళ్ల తొట్టికి ఆనుకొని కూసున్నడు. అంబులెన్స్ తొందరగనే వచ్చింది. ఆయన ఇంకా తొందరగ పోయిండు.

ఆయన భార్య ముంతాజ్ వదినె ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. కడపల మేనల్లుడు అర్ఫాత్ ఫోన్ల ఏడ్చి, ఈడనే మట్టి చెయ్యమన్నడు. ఫహద్ అర్బాబ్, మసీదు వాళ్లు అన్నీ పద్ధతిగ చేసిండ్రు, వాళ్ల రుణం నేను తీర్చలేను. వాళ్లు వరుసగ నిలబడి నమాజ్ చేస్తుంటే నేను చెప్పులు పట్టుకొని ఎనక నిలబడ్డ. నాకు చదవరాదు కదా. మట్టి మాత్రం నాతోని గూడ మూడు పిడికిళ్లు ఏయించిండ్రు. ఈడ సమాధి మీద పేరు రాయరు, ఉత్త రాయి పెడ్తరు. తర్వాత శుక్రవారం పోతే ఏ రాయి ఆయనదో గుర్తుపట్టనీకి నాకు చాన సేపు పట్టింది. అండ్ల తప్పేం లేదు, అది ఇక్కడి ఆచారం.

కొడుకు లేనోనికి ఎవడో ఒకడు కొడుకు కావాలె అంటరు మా దిక్కు. దినాల నాటికి నాకు ఏం చేయాల్నో తోచలే. నాకు తెలిసిన దుఃఖం ఒక్కటే తీరు ఉంటది. బజారుకు పోయి రియాజ్ మంగలి షాపుల కూసొని గుండు కొట్టుమన్న. మీసం గూడ తియ్యమన్న. ఆయన హైదరాబాద్ మనిషి, కత్తి ఆపిండు. "ఎవరు పోయిండ్రు భాయ్?"

"ఖమర్ భాయ్."

"అరే, మా దాంట్ల గిట్ల తియ్యరు కదా!"

"నాకెరుకే. మా దాంట్ల తీస్తరు."

తీసిండు. నా బాపు బతికే ఉన్నడన్న ముచ్చట, దేవుని తోడు, అప్పుడు నాకు యాదికే రాలేదు. ఆ మర్నాడే ఫహద్ అర్బాబ్ వచ్చి, కార్డు గడువు అయిపోతుంది, పోదాం పా అన్నడు. తక్కినది తమరికి తెలుసు.

5. ప్రస్తుతం నేను రూమ్‌లో ఒక్కణ్ణే ఉంటున్నాను. తోటలో మిగతా వాళ్లు బంగ్లాదేశ్ వాళ్లు, మంచోళ్లు. అన్నం తిన్నవా అంటరు, తిన్న అంట. అక్కడికి మాట అయిపోతది. నాతోని కొట్లాడెటోడు లేడు అయ్యా. మొన్న చెట్టెక్కి, నాకు నేనే "జారతాది అప్పా, చూసుకో" అని కడప మాట అనుకున్న. నా ఫోటో నేను తీసుకుంటే ముక్కు ఒక్కటే పడ్తది. పుంటికూర మోకాలెత్తు పెరిగింది, కోయబుద్ధి కాక ఇడిసిపెట్టిన. ఇటు ఈయన లేడు, అటు బాపు మాట్లాడడు. ఇది అర్జీలో రాయదగిన ఫిర్యాదు కాదని నాకు తెలుసు. అయినా నంబరు వేసి రాసినాను, ఎందుకంటే నంబరు వేయకుంటే ఎవరూ చదవరు.

కావున తమరు పై సంగతులన్నియు విచారించి, నన్ను మరొక్కసారి కెమెరా ముందు కూర్చోబెట్టి, మీసముతో కూడిన ఫోటో గల కార్డు ఇప్పించి, మా తండ్రీకొడుకులను కలుపవలసినదిగా ప్రార్థన. నా మీసమును, మా బాపు కోపమును తమరు పెద్ద మనసుతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రఘుపతి
(కార్డులో గుండు, ప్రస్తుతం మీసము కలదు)

తా.క.: అయ్యా, ఇది తహ్సీన్ భాయ్ షాపులనే కూసొని రాస్తున్న. పైన రాసిందంతా ఆయన సదివి, కండ్లద్దాలు తీసి తుడుసుకొని, "రఘూ, నువ్వు ఫోటో మార్చమని రాసినవా, ఖమర్ భాయ్ గురించి రాసినవా?" అన్నడు. మల్ల ఆయనే, "ఆఫీసర్‌కు ఇంత చెప్పినోనివి, నీ బాపుకు చెప్పకపోతివా?" అన్నడు.

ఆడి నుంచే ఇంటికి ఫోన్ చేసిన. బాపు చెవికి పెట్టు, ఏలు మామ ముచ్చట అని వాణికి చెప్పిన. బాపు ఈసారి ఇన్నడు. అంతా చెప్పిన.

ఆఖరుకు, "ఆయనకు ఎవ్వలు లేకుండెనా?" అన్నడు.

"లేకుండె బాపూ."

"మరి గా ముక్క ముందుగాల చెప్పొద్దార, పిచ్చోడా! నేనేమో ఊరంత మొఖం దాసుకొని తిరుగుతున్న." బీడీ ముట్టిచ్చిన సప్పుడయింది. "మంచి పని చేసినవ్. నేను పోయిననాడు మల్ల తియ్యి. గప్పుడు మాత్రం ఫోటో దిగకు." నవ్విండు అయ్యా. నేను షాపులనే ఏడ్చిన, మంది చూసినా సిగ్గుపడలే.

కాబట్టి నా ఫోటో మార్చవద్దు. గుండే ఉండనీయండి. ఎవలు పోయిండ్రని ఎవలన్న అడిగితే ఇగ చెప్తా. పైన వేసిన నంబర్లన్నీ వాపసు తీసుకుంటున్న.

వాటికి బదులు ఒక్కటి అడుగుత. ఖమర్ భాయ్ పోయినంక ఆయన కార్డును రూల్ ప్రకారం అర్బాబ్ మీ ఆఫీసుల అప్పజెప్పిండు. దాన్ని ఇంకా పారేయకుంటే, అండ్ల ఫోటో ఒక్కటి కాపీ తీసి ఇప్పియ్యండి. నా ఫోన్ల నా ఫోటోలు ఎన్నో ఉన్నయి, ఆయనది ఒక్కటి లేదు. ఎన్నడూ తీయనిచ్చేవాడు కాదు, నేను ఎన్నడూ తీయలే. మూల మూలకు బొటనవేలున్నది, గంతే. ఏలు నాకాడ ఉన్నది అయ్యా. మొఖం మీకాడ ఉన్నది.